తార్కర్లిలో స్కూబా: ఈత రానివాళ్ళం దిగొచ్చా, వద్దా?

నిజాంపేట అమ్మ:
సంక్రాంతి సెలవులకి ఈసారి ఊరికి కాకుండా తార్కర్లి వెళ్దామనుకుంటున్నాం. మహారాష్ట్రలో మాల్వణ్ పక్కనున్న చిన్న పల్లె అది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కర్లీ నది. మా ఆయన, నేను, పదకొండేళ్ళ బాబు, స్టెంట్ వేయించుకున్న మా మామగారు వెళ్తాం. స్కూబా (గాలి సిలిండర్ తగిలించుకుని నీళ్ళ కిందికి దిగడం), పారాసెయిలింగ్, బనానా రైడ్ అన్నీ కలిపి ప్యాకేజీ. ఫోన్ చేస్తే "ఈత రాకపోయినా పర్లేదు, మా మనిషి పక్కనే ఉంటాడు" అన్నారు. మాలో ఒక్కరికీ ఈత రాదు. అత్తయ్య వద్దంటే వద్దంటున్నారు. మా ఆయన ఈ రాత్రికే అడ్వాన్స్ కట్టేద్దామంటున్నారు. నాకేమో టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉప్పల్ రైడర్:
నిశ్చింతగా వెళ్ళండి అక్కా. నాకూ ఈత రాదు. మేం కారులో షోలాపూర్, కొల్హాపూర్ మీదుగా గగన్‌బావడా ఘాట్ దిగి వెళ్ళాం, దాదాపు 700 కిలోమీటర్లు. సింధుదుర్గ కోట దగ్గర, ఓ 20 అడుగుల లోతుకి దించారు. ముందు పడవ పక్కనే నీళ్ళలో నోటితో గాలి పీల్చడం నేర్పారు, సైగలు చెప్పారు. నీళ్ళ కింద బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కాదు, "నన్ను పైకి తీసుకెళ్ళు" అని. అది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. రాయి సందులోంచి చారల చేప ఒకటి వచ్చి నా మాస్క్ అద్దం ముందు ఆగింది. మొప్పలు తెరుచుకుని మూసుకోవడం కూడా కనిపించింది. నా ఊపిరి బుడగల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. మీ బాబు వయసులో అది చూస్తే జన్మలో మర్చిపోడు. అక్కడ ఇళ్ళలోనే భోజనం పెడతారు. కానాగంతల వేపుడు తినండి, చివర్న సోల్‌కఢీ తాగండి. కోకమ్, కొబ్బరిపాలతో చేస్తారు.

మల్కాజిగిరి మాస్టారు:
అమ్మా, మీ అత్తగారి మాట వినండి. నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి. 2014 జూన్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. ఫొటోలు దిగుతుంటే పైన డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగింది. మీరనే తార్కర్లిలోనే 2022 మేలో స్కూబాకి వెళ్ళొస్తున్న పడవ తిరగబడి ఇద్దరు చనిపోయారు. ప్రతిసారీ విహారానికి వెళ్ళినవాళ్ళే. మనం కుళాయి నీళ్ళు చూసి పెరిగాం, సముద్రం సంగతి మనకేం తెలుసు? చూడాలనుకుంటే సింధుదుర్గ కోట చూడండి. శివాజీ 1664లో మొదలుపెట్టి కట్టించిన కోట. పిల్లాడికి చరిత్రా తెలుస్తుంది. స్కూబా మాత్రం వద్దు.

కొండాపూర్ డైవర్:
మాస్టారూ, మీ భయాన్ని నేను కాదనను. కానీ మీరు చెప్పిన మూడింటినీ ఒకసారి దగ్గరగా చూడండి. ఒక్కటీ నీళ్ళ కింద జరగలేదు. తార్కర్లిలో కూడా డైవింగ్ అయిపోయి తిరిగొస్తుంటే పడవ తిరగబడింది. మీరు చూడమన్న కోట కూడా సముద్రంలో దీవి మీద ఉంది, దానికీ పడవే దిక్కు. స్కూబా మానేసి కోటకి వెళ్తే ప్రమాదం తప్పినట్టు కాదు.

అందుకే ఈ చర్చంతా తప్పు చోట జరుగుతోందని నా బాధ. మనం "ఈత రాకపోతే స్కూబా చేయొచ్చా" అని అడుగుతున్నాం. అడగాల్సింది "ఈత రానివాళ్ళు ఎలాంటి పడవ ఎక్కుతున్నారు" అని. నీళ్ళ కింద నోట్లో గాలి ఉంటుంది, పక్కన మనిషి ఉంటాడు. పడవలో ఫొటో కోసం లైఫ్ జాకెట్ తీసేస్తారు, అందరూ ఒకే వైపు వంగుతారు.

నాకు జరిగింది చెప్తాను. ఏ ఊరో వద్దు. శిక్షణ తీసుకోకముందు ఓ తీరంలో బోటెక్కాను. నాకిచ్చిన జాకెట్‌కి కింది బకిల్ లేదు. అడిగితే "రెండు చాలు సార్" అన్నాడు. అల వచ్చి నీళ్ళలో పడ్డాను. జాకెట్ తేలింది, నేను దాంట్లోంచి కిందికి జారిపోయాను. గడ్డం దగ్గర పట్టీ ఇరుక్కుని, చెవుల్లోకి నీళ్ళు పోయి, ఎవరో కాలర్ పట్టుకుని లాగితే బయటపడ్డాను. ఆ రోజు నుంచి ఎక్కడైనా జాకెట్ వేసుకోగానే రెండు భుజాల దగ్గరా పట్టుకుని పైకి లాగి చూస్తాను. చెవుల దాకా వచ్చిందంటే అది జాకెట్ కాదు. మీ బాబుకి కూడా లాగి చూడండి. పెద్దవాళ్ళ సైజు పిల్లలకి అస్సలు వేయొద్దు.

ఇక డైవింగ్ సంగతి. పాడి అనే అంతర్జాతీయ శిక్షణ సంస్థ నియమం ప్రకారం, మొదటిసారి దిగేవాళ్ళకి పదేళ్ళు నిండాలి, లోతు 12 మీటర్లు దాటకూడదు, ఈత రావాలన్న షరతు లేదు. కాబట్టి ఫోన్‌లో వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. కానీ రెండు విషయాలు చెప్పకుండా దించితే ఒప్పుకోకండి. ఒకటి, చెవులు. దిగేకొద్దీ ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాలి. నొప్పి వస్తే ఆగాలి. జలుబుంటే ఆ రోజు దిగకూడదు, డబ్బు పోయినా సరే. రెండు, ఊపిరి బిగపట్టకూడదు. 6 మీటర్ల లోతులో ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి, పైకి వచ్చేసరికి ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువ ఉబ్బుతుంది. బిగపట్టి పైకొస్తే ఊపిరితిత్తి చిరిగిపోవచ్చు. కంగారు పడే మనిషి మొదట చేసేదే ఊపిరి బిగపట్టడం. ఈత రానివాళ్ళ గురించి నాకున్న భయం అదొక్కటే.

మీ మామగారిని దించొద్దు. స్టెంట్ ఉన్నవాళ్ళు ముందు కార్డియాలజిస్ట్‌ని అడగాలి. గోవాలోని మోపా ఎయిర్‌పోర్ట్ నుంచి ఫ్లైట్‌లో తిరిగొచ్చేట్టయితే డైవింగ్ అయ్యాక కనీసం 18 గంటలు ఆగండి.

ఉప్పల్ రైడర్:
అన్నా, మాకు చెవుల గురించి చెప్పారు. ఊపిరి బిగపట్టొద్దని చెప్పారో లేదో గుర్తు రావట్లేదు. జాకెట్ కూడా లాగి చూసుకోలేదు. నిశ్చింతగా వెళ్ళమని రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా అక్కా. వెళ్ళండి, కానీ అన్నీ అడిగి వెళ్ళండి.

నిజాంపేట అమ్మ:
అన్నగారూ, చాలా థాంక్స్. అడ్వాన్స్ ఆపించాను. నిన్న ఇద్దరు ఆపరేటర్లకి ఫోన్ చేశాను. పడవలో ఎంతమందిని ఎక్కిస్తారు, ఎంతమందిని ఎక్కించడానికి పడవకి లైసెన్స్ ఉంది, పిల్లల సైజు జాకెట్లు ఉన్నాయా అని అడిగాను. మొదటాయన "మీరు టెన్షన్ పడకండి మేడమ్, రోజూ వందమంది వస్తారు" అన్నాడే గానీ ఎంతమందో చెప్పలేదు. రెండో ఆయన ఎంతమందో చెప్పి, నన్నే తిరిగి అడిగాడు: ఎవరికైనా ఆస్తమా, ఫిట్స్, గుండె జబ్బు ఉన్నాయా, బాబుకి వయసెంత అని. మామగారి సంగతి చెప్పగానే ఆయన్ని ఒడ్డున కూర్చోబెట్టమన్నాడు. ఆయన్నే ఖాయం చేసుకున్నాం. మిగతా రైడ్స్ వద్దని చెప్పేశాను. ఈ ఆదివారం నుంచి నేనూ బాబూ ఈత క్లాసుకి వెళ్తున్నాం. రెండు నెలల్లో ఈత రాకపోయినా తేలడం వస్తుందని కోచ్ అన్నారు.

మల్కాజిగిరి మాస్టారు:
పడవ గురించి కొండాపూర్ అబ్బాయి చెప్పింది నేను ఒప్పుకుంటున్నాను, నాకది తట్టలేదు. పిల్లాడి విషయంలో మాత్రం నా మాట మారలేదమ్మా. ఆ రోజు వాడు భయపడి దిగనంటే, డబ్బు కట్టేశామని బతిమాలకండి. వాడితోపాటు ఎవరో ఒకరు పడవలోనే ఉండిపోండి.