కారు చార్జింగ్ సాకెట్ ఫ్యూజ్ మాటిమాటికీ కొట్టేస్తోంది, తీగ చుట్టి ఇచ్చారు, అలాగే నడపొచ్చా?

మాది కడప. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న పాత పెట్రోల్ కారు. పోయిన ఆదివారం రాయచోటి నుంచి ఇంటిల్లిపాదీ తిరిగొస్తున్నాం. గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొనుక్కుని ఘాట్ దిగుతుంటే ఫోన్ చార్జింగ్ ఆగిపోయింది, దాంతోపాటే స్టీరియో కూడా ఆగింది. రెండూ ఒకే ఫ్యూజ్ మీద ఉన్నాయని ఇంటికొచ్చాక ఫ్యూజుల పెట్టె మూత మీది బొమ్మ చూస్తే తెలిసింది. నీలం రంగు 15 ఆంప్స్ ఫ్యూజ్ కొనుక్కొచ్చి పెట్టాను. రెండు రోజులు బాగానే ఉంది, తర్వాత స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగగానే మళ్లీ పోయింది. ఇంకోటి పెడితే సాయంత్రానికల్లా అదీ పోయింది. విసుగొచ్చి ఒక షాపులో చూపిస్తే, పోయిన ఫ్యూజ్ కాళ్లకే రాగి తీగ చుట్టి పెట్టి ‘ఇంక పోదు సార్’ అన్నారు. నిజంగానే పోలేదు కానీ, నిన్న గుంటలో పడినప్పుడు స్టీరియో ఒక్క క్షణం ఆగి వచ్చింది, ఏదో కాలిన వాసన కూడా వచ్చింది. పిల్లలతో తిరిగే బండి, టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు (కర్నూలు):
అన్నా, ముందు ఆ తీగ పీకెయ్. ఇది చదివిన వెంటనే కిందికి దిగి పీకెయ్, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. చార్జింగ్, స్టీరియో లేకపోయినా బండి నడుస్తుంది. ఇళ్లలో ఫ్యూజ్ కటౌట్‌కి తీగ చుట్టే అలవాటు మనందరికీ ఉంది కాబట్టి కారులోనూ అదే పని చేస్తారు. ఫ్యూజ్ ఉండేది స్టీరియోను కాపాడటానికి అనుకుంటారు, కానీ అది ముఖ్యంగా కాపాడేది దాని వెనకున్న వైరును. 15 ఆంప్స్ దాటితే ఫ్యూజ్ ముందు కరిగిపోవాలి, లోపలి వైరు చల్లగా ఉండాలి. నువ్వు పెట్టిన తీగ ఎంతకి కరుగుతుందో ఎవరికీ తెలియదు, అది కరగకపోతే డాష్‌బోర్డ్ వెనక వైరు పైతొడుగు కరుగుతుంది. నీకొచ్చిన వాసన అదే అయి ఉండొచ్చు. ‘15 పోతోంది కదా, పసుపుది 20 పెడదాం’ అని కూడా అనుకోవద్దు, అదీ ఇలాంటి తప్పే.

జవాబు (అనంతపురం, ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను):
పైన అన్న చెప్పింది అక్షరాలా నిజం. మీ ప్రశ్నలో నాకు దొరికిన ఆనవాలు ఒకటే: ఫ్యూజ్ ఎప్పుడూ కుదుపులోనే పోతోంది. సాకెట్‌లో టైర్లకు గాలికొట్టే మెషీన్ లాంటిది పెట్టి లోడ్ ఎక్కువైతే, అది ఆన్ చేసినప్పుడు పోతుంది. 12 వోల్టుల మీద 15 ఆంప్స్ అంటే 180 వాట్లు, ఫోన్ చార్జర్ అందులో ఏ మూలకూ రాదు. కుదుపులో పోతోందంటే ఎక్కడో ఏదో కదిలి తగులుతోంది, అంటే షార్ట్.

బండి ఆపి తాళంచెవి తీసేసి, ఫ్యూజ్ బయట పెట్టి, టార్చ్ వేసి సాకెట్ లోపల చూడండి. చిల్లర నాణెం, పిన్ను, చార్జర్ మొన ఊడిన ముక్క, ఇలాంటివి అడుగున ఉంటే నడిమి పిన్నుకీ పక్క రేకుకీ కలిపేస్తాయి. ఫ్యూజ్ ఉండగా స్క్రూడ్రైవర్ పెట్టి కెలకొద్దు, ఆ స్క్రూడ్రైవరే షార్ట్ చేస్తుంది. సాకెట్‌లో ఏమీ లేకపోతే స్టీరియో వెనక వైర్లు చూడాలి. పాత బండి కదా, ముందు ఓనరు బయట స్టీరియో పెట్టించి ఉంటే టేపు ఊడిన అతుకులు ఉంటాయి.

అడిగినవారు:
దొరికింది అన్నా! రూపాయి బిళ్ల. పాలకోవా కొన్నప్పుడు ఇచ్చిన చిల్లర గేర్ ముందున్న గుంటలో వేశాను, సాకెట్ సరిగ్గా దాని పైనే ఉంది, పిల్లలు ఆడుతూ అందులో వేసినట్టున్నారు. ఫ్యూజ్ తీసేసి, వెదురు పుల్లతో పక్కకి జరిపి బయటికి తీశాను. ఒక అంచు నల్లగా కాలి ఉంది. కొత్త నీలం ఫ్యూజ్ పెట్టి ఊరంతా తిప్పి వచ్చాను, ఏమీ కాలేదు. ఇద్దరికీ చాలా థ్యాంక్స్.

జవాబు (అనంతపురం):
సంతోషం. ఇంకొక్కటి చూడండి. లావు తీగ చుట్టి దూర్చితే ఫ్యూజ్ కాళ్లు దిగే క్లిప్పులు విచ్చుకుంటాయి. కొత్త ఫ్యూజ్ బిగుతుగా దిగిందా, వేలితో ఆడిస్తే కదులుతోందా? వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి పెట్టె ప్లాస్టిక్ కరుగుతుంది. వాసన వచ్చిందన్నారు కాబట్టి సాకెట్ వెనక వైరు కూడా ఒకసారి విప్పి చూపించుకోండి, పైతొడుగు గట్టిపడినా ఉబ్బినా ఆ ముక్క మార్చాల్సిందే.

అడిగినవారు:
ఇప్పుడే చూశాను, ఒక కాలు వైపు కొంచెం ఆడుతోంది. ఫ్యూజ్ మళ్లీ తీసి పక్కన పెట్టాను. రేపు ఇంకో షాపుకి తీసుకెళ్లి క్లిప్పు, వైరు రెండూ చూపిస్తాను.