“నత్తగుల్లలన్నీ ఒక రేవున, ముత్యపు చిప్పలన్నీ ఒక రేవున”

ప్రశ్న: ఎవరి సరివారితో వారు చేరతారనే అర్థంలో మా నాయనమ్మ ఈ సామెత తరచూ అనేది. నత్త, ముత్యపు చిప్ప నిజంగానే వేర్వేరు చోట్ల ఉంటాయా? ఇక్కడ చెన్నైలో, బీసెంట్ నగర్ ఒడ్డున అన్ని గుల్లలూ కలిసే కనిపిస్తున్నాయి.

జవాబు: మీరు చూసినవి అలలు ఈడ్చుకొచ్చిన ఖాళీ గుల్లలండీ. ప్రాణం ఉన్నప్పుడు వాటి కాపురాలు వేరు. మన్నార్ సింధుశాఖలో ముత్యపు చిప్ప సన్నని పోగులతో రాతి గట్టును పట్టుకుని ఉండిపోతుంది. ఆ గట్లను తూత్తుకుడి వారు ‘పార్’ అంటారు. అక్కడ చివరిసారి ముత్యాల వేట సాగింది 1961లో. నత్తల తరగతికే చెందిన శంఖం మాత్రం ఇసుక నేల మీద పాకుతూ, ఇసుకలో దాగిన పురుగులను తింటుంది. ఈ సామెత సముద్రం బాగా తెలిసినవారి నోట పుట్టిందని నా నమ్మకం.

రెండూ మెత్తని ఒళ్లున్న జీవుల వర్గమైన మొలస్కాకు చెందినవే. దారులు చీలి 50 కోట్ల ఏళ్లు దాటింది. నత్తకు తల, కొమ్ములు, నాలుక మీద వరుసలుగా పళ్లు. చిప్పకు తలే లేదు. మొప్పలే జల్లెడలా నీటిలోని తిండిని పడతాయి. నీరు లేకపోతే దానికి కూడు లేదు. అందుకే నత్తలు వేర్వేరు కాలాల్లో పలుమార్లు నేల మీదికి వచ్చి స్థిరపడ్డాయి, చిప్పలు నీటినే అంటిపెట్టుకున్నాయి. వానాకాలంలో పెరటి గోడ మీద పాకే పెద్ద నత్తను దగ్గరగా చూడండి. గుల్ల అంచు కింద, కుడి పక్కన చిన్న రంధ్రం తెరుచుకుని మూసుకుంటూ ఉంటుంది. అది గాలి పీల్చే దారి.

మరొకరు: మా కోనసీమ చెరువుల్లో నత్తలూ చిప్పలూ ఒకే రేవులో దొరుకుతాయి కదండీ!

జవాబు: దొరుకుతాయి. అయినా చిప్ప బురదలో సగం దిగి ఉంటుంది, నత్త తూటికాడల మీదికి ఎక్కుతుంది. పైగా సామెత ముత్యపు చిప్ప అంది, చెరువు చిప్ప అనలేదు. ఒకటి అడగాలి: పాత మద్రాసు మేడల నున్నని గోడలకు పూసిన గుల్లసున్నంలో ‘గుల్ల’ అంటే ఏ గుల్లయినా సరే. మీ వైపు ‘నత్తగుల్ల’ అంటే లోపలి జీవితో సహానా, ఖాళీ గుల్ల మాత్రమేనా?