పాపకి తలలో నీరు, షంట్ వేయాలంటున్నారు

మా పాపకి నాలుగో నెల, తల చుట్టుకొలత గబగబా పెరుగుతోందని స్కాన్ తీస్తే హైడ్రోకెఫలస్ అన్నారు, వీపీ షంట్ పెట్టాలట. మత్తిస్తారంటేనే గుండె దడగా ఉంది. ఆపరేషన్ అయ్యాక ఎలా ఎత్తుకోవాలి, ఇంట్లో ఏం గమనించాలి, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

జవాబు:
ధైర్యంగా ఉండమ్మా. మా బాబుకీ షంట్ ఉంది, ఇప్పుడు స్కూలుకెళ్తున్నాడు. తలలో ఎక్కువైన నీటిని షంట్ అనే ఈ సన్నటి ట్యూబు చర్మం కిందనుంచే పొట్టలోకి దింపుతుంది, అక్కడ ఒళ్లు పీల్చేసుకుంటుంది. చెవి వెనక చిన్న ఉబ్బులా వాల్వ్ చేతికి తగుల్తుంది, నొక్కకు, గాయం మానేదాకా ఆ పక్కకి పడుకోబెట్టకు. మిగతాదంతా మామూలే, హాయిగా ఎత్తుకో, ముద్దుచెయ్యి.

జవాబు:
షంట్ మూసుకుపోవచ్చండి, మొదటి నెలల్లో ఇన్ఫెక్షన్ భయం కూడా ఎక్కువ. ఆగని వాంతులు, లేపినా లేవనంత మగత, నల్లగుడ్లు కిందికి వాలిపోవడం, జ్వరం, ట్యూబు దారెంట ఎర్రబడటం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రైనా వెళ్లిపోండి. మాడు ఉబ్బిందేమో మాత్రం పాప ఏడవనప్పుడు నిటారుగా ఎత్తుకుని తడిమి చూడండి, ఏడిస్తే ఏ పిల్లలకైనా ఉబ్బుతుంది.

జవాబు:
షంట్ ట్యూబు లేకుండా ఎండోస్కోప్‌తో (సన్నటి కెమెరా గొట్టంతో) చేసే ఈటీవీ అనే ఆపరేషన్ మీ పాపకి కుదురుతుందేమో సర్జన్‌ని అడగండి, నీరు చేరిన కారణాన్ని బట్టి ఉంటుంది. మీరూ వేళకి తినండి అక్కా.