సమస్యాపూరణం: “మంట లేని చోట మాడె కూడు”

ఇచ్చిన పాదానికి అర్థం కుదిరేలా మిగతా పాదాలు రాసి పద్యం పూర్తిచేయడమే సమస్యాపూరణం. ఈసారి సమస్య ఆటవెలది అనే ఛందస్సులో చివరి పాదం. విషయం పెట్రోలు, డీజిలు, గ్యాసు ధరలు. ఆ మాట ఎత్తినప్పుడల్లా మన చూపు ఎటు మళ్ళుతోందన్నది కూడా.

2022 వసంతం గుర్తు తెచ్చుకుని రాయమని మా బృందం సభ్యులకు చెప్పాను. 2021 నవంబరు 4 నుంచి నాలుగున్నర నెలలు బంకులో ధర కదల్లేదు. ఈలోగా ఐదు రాష్ట్రాల ఎన్నికలు అయిపోయాయి. మార్చి 22న మళ్ళీ మొదలై, ఎక్కువ రోజులు 80 పైసల చొప్పున పెరుగుతూ, ఏప్రిల్ 6 నాటికి లీటరుకు 10 రూపాయలు పెరిగింది. ఆ రెండు వారాలూ మా ఇంట్లో టీవీ పెడితే వినిపించినవన్నీ వేరే గొడవలే. కూరగాయల బండతను మాత్రం రోజూ ధర మార్చి చెప్పేవాడు.

మొదటి పూరణ అనకాపల్లి అక్కయ్యగారిది:

గ్యాసు బండ ధరకు గాబరపడె తల్లి
బండి కట్టిపెట్టి బైట నిలిచె
పూట గడుపు దోసె పొయ్యెక్కదాయెను
మంట లేని చోట మాడె కూడు

యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి నడుమ రావలసిన జోడీ అక్షరాలు) కుదిరాయి. టిఫిను బండి మూతపడితే మాడేది అన్నం కాదు, బతుకుదెరువు. ‘కూడు’ను అలా తీసుకోవడం బాగుంది. ఇంట్లో వాడే 14.2 కిలోల బండ మీద జరిగే చర్చలో సగం కూడా ఈ బళ్ళ వాళ్ళు కొనాల్సిన 19 కిలోల బండ మీద జరగదు. దాని ధర సాధారణంగా నెల ఒకటో తారీఖున మారుతుంది, ఇడ్లీ ప్లేటు ధర మాత్రం అలా మార్చలేరు.

నల్గొండ సభ్యుడి మాట: “అక్కయ్యగారూ, పొయ్యెక్కేది పెనం కదా, దోసె కాదు.”

నిజమే. అక్కయ్యగారు వెంటనే ‘పూట గడుపు పెనము పొయ్యెక్కదాయెను’ అని మార్చారు. గణాలు (లఘుగురువుల లెక్క) చెడలేదు, పాదం ఇంకా గట్టిపడింది.

రెండోది కృష్ణా జిల్లా శివారు భూముల నుంచి వచ్చింది. రాసింది రైతే:

డీజిలు ధర పెరిగె డీలాపడెను రైతు
నీటి యింజనాగె నెర్రె బారె
పొట్ట దశను వరియె పొలమున నెండెను
మంట లేని చోట మాడె కూడు

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. సమస్యలోని వైరుధ్యం ఏ సాముగరిడీ లేకుండా విడిపోయింది: పొలంలో నిప్పు లేదు, కూడు మాత్రం మాడిపోయింది. ‘పొట్ట దశ’ అన్నచోట వరి పొట్ట (కంకి ఇంకా బయటికి రాని దశ), మనిషి పొట్ట రెండూ ఉన్నాయి.

ఒకరు అడిగారు: “సేద్యానికి ఉచిత కరెంటు ఉంది కదండీ, డీజిలుతో పనేమిటి?”

రైతుగారి జవాబు: “కాలవ చివర ఉన్నవాళ్ళం. మా దాకా నీళ్ళు రానప్పుడు డ్రెయిన్లోంచి ఆయిలింజనుతో తోడుకోవాలి. అక్కడ కరెంటు లైను లేదు. పొట్ట మీద ఉన్నప్పుడు తడి తప్పితే గింజ తాలు పోతుంది. దమ్ముకీ కోతకీ మిల్లుకి తోలడానికీ కూడా డీజిలే.”

దీని మీద నేను చేర్చేదేమీ లేదు.

మూడో పూరణకు ముందు ఒక సంగతి. గుంటూరు మిత్రులొకరు మొదట మూడు పద్యాలు పంపారు. ఛందస్సు నిర్దుష్టం. కానీ మూడింటిలోనూ నాయకుల పేర్లు, తిట్లు తప్ప కూడు ఊసే లేదు. వాటిని పెట్టలేదు. ధర గురించి మొదలైన మాట మనిషి గురించి తిట్టుగా మారిపోవడమే కదా ఇప్పుడు జరుగుతున్నది, పద్యం కూడా అదే పని చేస్తే ఎలా అని రాశాను. ఆయన నొచ్చుకోకుండా ఇది పంపారు:

ధరల మాట యడుగ తగవులాడిరి గాని
బదులు చెప్పరైరి పాలకులును
తెరల నిండ రగిలె తిట్లతో ప్రతిపూట
మంట, లేని చోట మాడె కూడు

విరుపు చూడండి! ‘మంట’ మూడో పాదంతో కలిసిపోయింది. ‘లేని చోట’ అంటే లేమి ఉన్న చోట. ‘లేనివాళ్ళు’ అని మనం రోజూ అంటాం కనుక అన్వయం కుదిరింది. ‘అడుగఁ దగవులాడిరి’ అంటే సరళాదేశం (ఇక్కడ ‘త’ ‘ద’గా మారడం) కూడా సరిపోతుంది, యతికి ఢోకా లేదు.

ఆ తగవు సంగతీ చెప్పాలి. పెట్రోలు జీఎస్టీలో లేదు. కేంద్రం ఎక్సైజు వేస్తుంది, రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. 2020 మేలో ప్రపంచ చమురు ధర పడిపోయి ఉండగా పెట్రోలుపై ఎక్సైజు లీటరుకు 32 రూపాయల 98 పైసలకు చేరింది. తెలంగాణలో వ్యాట్ 35.2 శాతం, ఆంధ్రలో 31 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. వీళ్ళు వాళ్ళను తగ్గించమంటారు, వాళ్ళు వీళ్ళను తగ్గించమంటారు. బిల్లు కట్టేవాడు ఒక్కడే.

చివరిది కాకినాడ కుర్రాడిది. పద్యం రాయడం ఇదే మొదటిసారట:

బండి నింపుకొనగ పరుగిడె యానాము
కాకినాడ కుర్రవాడు నేడు
వచ్చుసరికి పొద్దు వాలె కూలియు పోయె
మంట లేని చోట మాడె కూడు

బాబూ, రెండో పాదంలో ‘కా’కు ‘వా’తో యతి కుదరదు. ‘నేడు’ కూడా పాదం నింపడానికి వచ్చిందే. ‘కాకినాడ నుండి కార్మికుండు’ అని చూడు. భావం మాత్రం మా ఎవరికీ తట్టనిది. యానాం పుదుచ్చేరిది కనుక అక్కడ పన్ను తక్కువ, పెట్రోలు చవక. కానీ కాకినాడ నుంచి సుమారు 30 కిలోమీటర్లు. రానూపోనూ లీటరు పైనే ఖర్చు. పెద్ద ట్యాంకు ఉన్న లారీకి గిట్టుబాటు కావచ్చు, చిన్న బండికి మిగిలేదేముంది?

అతని జవాబు రాత్రి పదకొండున్నరకు వచ్చింది: “లెక్క తెలుసండీ. ఆ దారిలో పార్సిలు ఉన్న రోజే నింపుకుంటాను. మొన్న పార్సిలు క్యాన్సిలయింది. కార్మికుండు అనే పెట్టండి, అది నేనే.”

బండి నింపుకొనగ పరుగిడె యానాము
కాకినాడ నుండి కార్మికుండు
వచ్చుసరికి పొద్దు వాలె కూలియు పోయె
మంట లేని చోట మాడె కూడు