మస్టాంగ్ జీటీకి విపులా, ప్రోచార్జరా? తేల్చి చెప్పండి

ఫ్రిస్కో గోదారోడు
అందరికీ నమస్కారం. నా బండి 2019 మస్టాంగ్ జీటీ, ఆరు గేర్ల మాన్యువల్, 31 వేల మైళ్లు తిరిగింది. ఇంజిన్‌లో ఏమీ కదపలేదు, కంపెనీ ఇచ్చిన 460 హార్స్‌పవరే. సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోసి పవర్ పెంచే యంత్రం) కోసం దాచుకున్న డబ్బు ఇప్పటికి 13 వేల డాలర్లయింది. రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చేది ఈ బండిలోనే. నెలకోసారి ఎన్నిస్‌లోని టెక్సస్ మోటార్‌ప్లెక్స్‌కి (పావు మైలు రేసు ట్రాక్) వెళ్తాను. విపుల్ కంపెనీ 3 లీటర్ల ట్విన్ స్క్రూ (రెండు స్క్రూలతో గాలిని నొక్కే రకం) తీసుకోవాలా, ప్రోచార్జర్ కంపెనీ సెంట్రిఫ్యూగల్ (వేగంగా తిరిగే చక్రంతో గాలిని తోసే రకం) తీసుకోవాలా అని ఆరు నెలలుగా ఊగిసలాడుతున్నాను. మొదటిది ఉన్నవాళ్లు రెండోది శుద్ధ దండగంటారు. రెండోది ఉన్నవాళ్లు మొదటిది ఇంజిన్‌ని తినేస్తుందంటారు. మా ఆవిడ రెండూ దండగే అంటుంది, ఆ వాదన మాత్రం ఇక్కడ వద్దు.

హ్యూస్టన్ బుల్లోడు
ప్రోచార్జర్, కళ్లు మూసుకుని. నా 2018 బండికి పెట్టించి రెండేళ్లయింది. కారణం సింపుల్. నీ కొయోటీ ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్క) 12:1. దాని మీద ట్విన్ స్క్రూ 2,500 ఆర్పీఎం నుంచే దాదాపు మొత్తం బూస్ట్ (అదనపు గాలి ఒత్తిడి) కుక్కేస్తుంది. సెంట్రిఫ్యూగల్ అలా కాదు, ఇంజిన్ వేగం పెరిగే కొద్దీ మెల్లగా ఎక్కుతుంది. క్లచ్ బతుకుతుంది, కనెక్టింగ్ రాడ్లు బతుకుతాయి, వెనక టైర్లూ బతుకుతాయి. పైగా ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచేది) ముందు బంపర్ వెనక ఉండి నేరుగా ఎదురుగాలితో చల్లబడుతుంది. విపుల్‌ది నీళ్లతో చల్లబరిచే ఇంటర్‌కూలర్, అంటే వేడి నీళ్ల స్నానమే.

వేడెక్కిన వీ8
అన్నా, మెల్లగా ఎక్కడం కూడా ఒక గొప్పేనా? సెంట్రిఫ్యూగల్ బూస్ట్ సుమారుగా వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. 7,500 ఆర్పీఎం దగ్గర 10 పీఎస్‌ఐ ఒత్తిడి వస్తే, అందులో సగం వేగంలో, అంటే 3,750 దగ్గర, రెండున్నర వస్తుంది. ఆఫీసుకి వెళ్తూ ఎన్నిసార్లు 7,500 దాకా లాగుతాం? పది వేలు పోసి కొన్న వస్తువు రోజంతా నిద్రపోతుందన్నమాట.

ఇంకో మాట. కంపెనీలు ఏం వాడాయో చూడండి. డాడ్జ్ హెల్‌క్యాట్‌లో 2.4 లీటర్ల ట్విన్ స్క్రూ. 2020 మస్టాంగ్ జీటీ500లో ఈటన్ 2.65 లీటర్లది. కామరో జెడ్ఎల్1లో ఈటన్ 1.7 లీటర్లది. ఒక్కళ్లూ సెంట్రిఫ్యూగల్ జోలికి పోలేదు. డెట్రాయిట్ ఇంజనీర్లందరికీ తెలియనిది మన హ్యూస్టన్ బుల్లోడికి తెలిసిందా?

డెట్రాయిట్ మామయ్య
డెట్రాయిట్ పేరెత్తారు కాబట్టి వచ్చాను. పాతికేళ్లుగా పవర్‌ట్రెయిన్ పనిలోనే ఉన్నాను. వీ8 బాబూ, నువ్వు చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పావు. ఆ కంపెనీలు బ్లోవర్‌తో (అదే సూపర్‌చార్జర్) పాటు ఇంజిన్‌నీ మార్చాయి. జీటీ500 కంప్రెషన్ 9.5:1. హెల్‌క్యాట్‌దీ 9.5:1. జెడ్ఎల్1లోని ఎల్‌టీ4ది 10:1. గోదారోడి బండిది 12:1. అది బ్లోవర్ లేకుండా గాలి పీల్చుకోవడానికి కట్టిన ఇంజిన్. కంపెనీ చేసింది కాబట్టి మనమూ చేద్దామంటే, వాళ్లు చేసినదంతా చేయాలి.

నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం తనంతట తానే పేలడం) సంగతి కూడా చాలామందికి తిరగేసి అర్థమవుతుంది. ఎక్కువ ఆర్పీఎంలో ప్రమాదం ఎక్కువ అనుకుంటారు. అసలు తక్కువ వేగంలోనే మండకుండా మిగిలిన మిశ్రమం వేడిలో ఎక్కువసేపు ఉంటుంది. స్పార్క్ పెట్టిన మంట దాన్ని చేరేలోపే అది తనంతట తాను పేలడానికి టైమ్ దొరుకుతుంది. అందుకే 2,500 దగ్గర నిండు బూస్ట్ ఇచ్చి, టాప్ గేర్‌లో కొండ ఎక్కిస్తూ పెడల్ నేలకి తొక్కితే ఇంజిన్‌కి గండం. బుల్లోడి భయం ఉత్తది కాదు.

అయితే 2018 నుంచి వచ్చిన కొయోటీలో డైరెక్ట్ ఇంజెక్షన్ ఉంది. సిలిండర్ లోపలే పెట్రోలు ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. అందుకే 12:1 మీద కూడా బుద్ధిగా ట్యూన్ చేసిన (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు సరిచేసిన) తక్కువ బూస్ట్ కిట్లు 93 ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే స్థాయి) పెట్రోలుతో నడుస్తున్నాయి. బుద్ధిగా అన్న మాట మర్చిపోవద్దు.

బే ఏరియా బాబాయ్
93 ఆక్టేన్ మీకు దొరుకుతుంది, మాకు బంకుల్లో 91తో సరి. మీ డైనో (పవర్ కొలిచే యంత్రం) అంకెలు చూసి ఇక్కడ కిట్ కొనేవాళ్లు ఆ రెండు పాయింట్లు గుర్తుపెట్టుకోండి. మాకు కార్బ్ (కాలిఫోర్నియా వాయు కాలుష్య సంస్థ) ఇచ్చే ఈఓ అనుమతి నంబరు లేని కిట్ అయితే స్మాగ్ (పొగ) టెస్ట్ దగ్గరే కథ ముగుస్తుంది. టెక్సస్ తమ్ముళ్లూ, మీరూ మరీ నవ్వకండి. 2025 జనవరి నుంచి మీకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ పోయిందేమో గానీ కాలిన్, డెంటన్, డల్లాస్ కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ అలాగే ఉంది. ట్యూన్ చేసినవాడు మానిటర్లు (కాలుష్యం మీద బండి కంప్యూటర్ చేసుకునే సొంత పరీక్షలు) ఆపేసి ఉంటే అక్కడ దొరికిపోతారు.

ఫ్రిస్కో గోదారోడు
బాబాయ్, ఈఓ ఉన్న కిట్టే చూస్తున్నాను. మామయ్యగారూ, వారంటీ సంగతేమిటి? ఫలానా కిట్‌కి మూడేళ్లు, 36 వేల మైళ్లు వారంటీ అని ప్రకటనల్లో కనిపిస్తుంది.

డెట్రాయిట్ మామయ్య
అది కొత్త బండి కొంటూనే పెట్టించుకునేవాళ్లకి పనికొచ్చే మాట. నీ బండికి కంపెనీ పవర్‌ట్రెయిన్ వారంటీ ఐదేళ్లో, 60 వేల మైళ్లో, ఏది ముందైతే అది. 2019 బండికి ఆ ఐదేళ్లు ఎప్పుడో దాటాయి. పోగొట్టుకోవడానికి నీ దగ్గర వారంటీయే లేదు, ఇక దాని మీద చర్చ ఎందుకు? వారంటీ కోసం పోసే డబ్బుతో ఆయిల్ పంప్ గేర్లు మార్చు. కొయోటీలో అవి లోహపు పొడిని అచ్చుపోసి చేసినవి. ఎక్కువ ఆర్పీఎంలో లిమిటర్‌కి (ఇంజిన్ వేగాన్ని ఆపే హద్దు) తగిలిస్తూ ఉంటే పగులుతాయి. పగిలితే ఆయిల్ ప్రెషర్ పోయి ఇంజిన్ మొత్తం పోతుంది. బిల్లెట్ (గట్టి లోహపు దిమ్మె నుంచి చెక్కిన) గేర్లు, క్రాంక్ స్ప్రాకెట్ కలిపి వేయించు. ముందు కవర్ విప్పాలి కాబట్టి కూలీ ఎక్కువే, కానీ విపుల్ పెట్టినా ప్రోచార్జర్ పెట్టినా ఈ పని తప్పదు.

హ్యూస్టన్ బుల్లోడు
చూశారా, ఆయనే నా భయం నిజమన్నారు.

వేడెక్కిన వీ8
లిమిటర్‌కి తగిలిస్తేనే గేర్లు పగులుతాయని కూడా ఆయనే అన్నారు. బూస్ట్ కోసం ప్రతిసారీ 7,500 దాకా పోవాల్సింది ఎవరు బుల్లోడా?

విజయవాడ టు విచిత
నా కథ చెప్తాను, తిట్టకండి. 2018 జీటీ, సెంట్రిఫ్యూగల్ కిట్. పేరు చెప్పను, మా ఊళ్లో ఒక షాపు పెట్టింది. డైనో మీద 640 హార్స్‌పవర్ చూపించి ఫోటో తీసి చేతిలో పెట్టారు. నెల తర్వాత హైవే మీద నీలం పొగ. విప్పి చూస్తే 8వ సిలిండర్ పిస్టన్ రింగుల దగ్గర విరిగింది. లాగ్ (బండి కంప్యూటర్ రికార్డు) తీస్తే సూపర్‌చార్జర్ని తిప్పే బెల్ట్ జారుతున్న గుర్తులున్నాయి. జారే బెల్ట్ వల్ల తగ్గిన బూస్ట్‌కే వాళ్లు ట్యూన్ చేశారు. తర్వాత ఎవరో బెల్ట్ బిగించారు, బూస్ట్ పెరిగింది, స్పార్క్ టైమింగ్ పాతదే. ఇందులో సూపర్‌చార్జర్ రకం తప్పు ఏముంది? కిట్ ఎంచుకోవడానికి ఆరు నెలలు పెట్టాను, ట్యూనర్‌ని ఎంచుకోవడానికి ఒక ఫోన్ కాల్ పెట్టాను.

బే ఏరియా బాబాయ్
అయ్యో. కొత్త ఇంజిన్‌కి ఎంతయింది?

విజయవాడ టు విచిత
అడక్కు బాబాయ్. మా ఆవిడ కూడా ఈ థ్రెడ్ చదువుతుంది.

డెట్రాయిట్ మామయ్య
చిన్న ముచ్చట, విషయానికి కాస్త పక్కనే. రూట్స్ బ్లోవర్‌ని కనిపెట్టిన రూట్స్ సోదరులు 19వ శతాబ్దంలో ఇండియానావాళ్లు. వాళ్ల యంత్రం కొలిముల్లో గాలి ఊదడానికి వాడారు, అంటే మన కమ్మరి తిత్తికి పెద్దన్న. అది గాలిని నొక్కదు, ఇటు నుంచి అటు తోసేస్తుంది, అంతే. ట్విన్ స్క్రూ మాత్రం స్క్రూల మధ్యే గాలిని నొక్కి పంపుతుంది, అందుకే అదే బూస్ట్‌కి వేడి తక్కువ. ఈటన్ టీవీఎస్ వంశం రూట్స్‌దే, కానీ మెలి తిప్పిన నాలుగు లోబుల (రోటర్ రెక్కల) వల్ల పాత రూట్స్ కన్నా చాలా మెరుగు. "పైన కూర్చునేవన్నీ ఒకటే" అని రాసేవాళ్లు ఇది చూసుకోవాలి.

ఇంటర్‌కూలర్ మాటకొస్తే బుల్లోడిదే పైచేయి, కాకపోతే పరిస్థితిని బట్టి. ట్విన్ స్క్రూ ఇంజిన్ నడినెత్తిన కూర్చుంటుంది. జులైలో డల్లాస్ ట్రాఫిక్‌లో అరగంట ఆగి ఆగి వెళ్తే దాని నీళ్లు కాగిపోతాయి. కంప్యూటర్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, పవర్ తగ్గుతుంది. ఆస్టిన్‌లో కోటా రేస్ ట్రాక్ మీద ఇరవై నిమిషాల సెషన్లు తిప్పేవాడైతే సెంట్రిఫ్యూగలే పెట్టుకోమంటాను. మోటార్‌ప్లెక్స్‌లో పావు మైలుకి, అదీ మధ్యలో చల్లారడానికి టైమ్ దొరికితే, తేడా అంతగా తెలియదు.

గోదారోడా, ఒక పని చెయ్. ఇరవై డాలర్ల ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్‌కి తగిలించి డేటా చదివేది) కొని రెండు వారాల పాటు నీ ఆర్పీఎం రికార్డు చెయ్. ఆ తర్వాత మాట్లాడదాం.

హ్యూస్టన్ బుల్లోడు
క్లచ్ గురించి ఎవరూ మాట్లాడరేం? విపుల్ పెడితే కంపెనీ క్లచ్ మొదటి నెలలోనే జారుతుంది. దాని ఖర్చు కలిపి చెప్పండి.

వేడెక్కిన వీ8
ఒప్పుకుంటాను, జారుతుంది. క్లచ్ మార్చాల్సిందే. వెనక టైర్లు కూడా మంచివి వేయాలి, లేకపోతే రెండో గేర్లో పొగ తప్ప ముందుకి పోవడం ఉండదు. కానీ మైలేజీ పోతుందని భయపడకండి. నిదానంగా వెళ్లేటప్పుడు బైపాస్ వాల్వ్ తెరుచుకుని గాలి అందులోనే తిరుగుతుంది, బ్లోవర్ మీద భారం తక్కువ.

ఫ్రిస్కో గోదారోడు
రెండు వారాలు అయింది. లాగ్ చూసి నాకే సిగ్గేసింది. ఆఫీసు దారి, గుడి దారి, ఇండియన్ స్టోర్, మధ్యలో ఒక శనివారం మోటార్‌ప్లెక్స్, అన్నీ కలిపి దాదాపు 21 గంటల డ్రైవింగ్. అందులో 5,000 ఆర్పీఎం దాటి ఉన్నది ఆరు నిమిషాలు కూడా లేదు, అదీ సగం ఆ శనివారానిదే. ఎక్కువ టైమ్ 1,800 నుంచి 3,200 మధ్య. బుల్లోడన్నా, నీ బాక్స్ నా దగ్గర ఏడాదంతా నిద్రే.

విపుల్ వైపే వెళ్తున్నాను. కానీ 13 వేలలో ముందు ఆయిల్ పంప్ గేర్లు, క్లచ్. బూస్ట్ కిట్‌లో ఇచ్చిన పెద్ద పుల్లీతోనే (బ్లోవర్‌ని మెల్లగా తిప్పే బెల్ట్ చక్రం), తక్కువలోనే. ట్యూన్ మాత్రం ఈ ఊళ్లో కొయోటీలే ఎక్కువగా చేసే ముగ్గురిని కలిసి, వాళ్ల పాత లాగ్‌లు చూసి, బెల్ట్ జారడం ఎలా కనిపెడతారో అడిగి తేలుస్తాను. విచిత అన్నా, థ్యాంక్స్.

డెట్రాయిట్ మామయ్య
తక్కువ వేగంలో బూస్ట్‌ని కంప్యూటర్‌తోనూ కాస్త అదుపు చేయవచ్చు. 3,000 లోపు థ్రాటిల్ పూర్తిగా తెరవకుండా ట్యూన్ చేయమని అడుగు. ఆ మాట విని నవ్వే ట్యూనర్ దగ్గర బండి వదలకు.

హ్యూస్టన్ బుల్లోడు
సరే తమ్ముడూ, నీ ఇష్టం. మోటార్‌ప్లెక్స్‌లో పక్క లేన్‌లో నేనే ఉంటాను. పావు మైలు చివర 7,500 దగ్గర నా నిద్రపోయే బాక్స్ లేచి కూర్చుంటుంది.

ఫ్రిస్కో గోదారోడు
రా అన్నా. ముందు 60 అడుగుల దగ్గర, అంటే రేసు మొదట్లోనే కలుద్దాం.