కర్వ్ కలిసింది, స్ట్రెయిన్ మ్యాప్ కలవలేదు

కాకినాడ_రీసెర్చ్: కార్ల రేకులకి వాడే డ్యూయల్ ఫేజ్ స్టీల్ (మెత్తని ఫెరైట్, గట్టి మార్టెన్‌సైట్ కలిసినది) మీద క్రిస్టల్ ప్లాస్టిసిటీ మోడల్ (లోహంలో ఒక్కో గ్రెయిన్, అంటే స్ఫటికం, ఎలా రూపు మారుతుందో లెక్కకట్టేది) నడుపుతున్నాను. టెన్సైల్ కర్వ్ (లాగితే ఎంత బలానికి ఎంత సాగిందో చూపే గీత) అతికినట్టు కలిసింది. డీఐసీ (ఫొటోలు పోల్చి పైతలం ఎక్కడ ఎంత సాగిందో కొలిచే పద్ధతి) మ్యాప్ పక్కన పెడితే మాత్రం స్ట్రెయిన్ బ్యాండ్లు (ఎక్కువ సాగిన పట్టీలు) వేరే చోట వస్తున్నాయి. మెష్ (లెక్కకి వేసుకున్న గడులు) ఇంకా సన్నం చేయాలా? డామాస్క్ సాఫ్ట్‌వేర్‌కి మారాలా?

భీమవరం_మెకానికల్: కర్వ్ కలవడం లెక్కలోది కాదండీ. స్లిప్ రెసిస్టెన్స్ (స్ఫటికం పొరలు జారకుండా అడ్డుకునే బలం) లోటుని హార్డెనింగ్ (సాగేకొద్దీ గట్టిపడటం) పారామీటర్ పూడ్చేస్తుంది. వేర్వేరు సెట్లతో అదే కర్వ్ వస్తుంది. ఈ ఒక్క మాట మీదే నా పేపర్ వెనక్కొచ్చింది.

అమలాపురం_ల్యాబ్: ముందు శాంపిల్ సంగతి చెప్పండి. మన కోనసీమ తేమకి, పాలిష్ చేసిన స్టీల్ బల్ల మీద వదిలేసి భోంచేసి వస్తే గోధుమరంగు చుక్కలు లేస్తాయి. కొల్లాయిడల్ సిలికా పాలిష్ అవగానే ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి, డెసికేటర్‌లో పెట్టాలి. మరక మీద ఈబీఎస్‌డీ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో గ్రెయిన్ల దిశలు చూసే పద్ధతి) ప్యాటర్న్ రాదు. క్లీనప్‌లో సాఫ్ట్‌వేర్ పక్క పిక్సెళ్లతో నింపేస్తుంది, మీరు దాన్నే గ్రెయిన్ అనుకుంటారు.

రాజమండ్రి_సీనియర్: పాలిష్, పాలిష్ అని ఊదరగొట్టకండి. మెటలర్జీలో తల నెరిసినవాణ్ణి చెబుతున్నా, లోపం అడుగున ఉంది. ఈబీఎస్‌డీ చూసేది పైపొరే. కింద మార్టెన్‌సైట్ ముద్ద ఉంటే పైన ఫెరైట్ కదలికే మారిపోతుంది. 2డీ మ్యాప్‌ని స్తంభంలా లోపలికి సాగదీస్తే ఇంతే.

అమలాపురం_ల్యాబ్: తల నెరిస్తే సరా అండీ? మరక పడ్డ మ్యాప్ 3డీలో పెట్టినా తప్పే.

రాజమండ్రి_సీనియర్: మరక ఎక్కడుందో కాన్ఫిడెన్స్ ఇండెక్స్ (ఆ చోటి ఈబీఎస్‌డీ ఫలితం ఎంత నమ్మదగ్గదో చెప్పే అంకె) పట్టిస్తుంది. కిందున్న గ్రెయిన్‌ని ఏ నంబరు పట్టిస్తుంది? చెప్పండి చూద్దాం.

నరసాపురం_సివిల్: ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి. ఆ స్టీల్ తుప్పు మీద ఎవరైనా మోడల్ కడితే డెల్టా రైతుకి పనికొస్తుంది. మీదంతా కార్ల రేకు గొడవ.

భీమవరం_మెకానికల్: దానికి వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తాను.

యానాం_సిమ్యులేషన్: అంచుల సంగతి ఎవరూ అడగలేదే! పీరియాడిక్ కండిషన్ (అదే ముక్క అన్ని వైపులా మళ్లీ మళ్లీ ఉందనుకోవడం) ఇచ్చి, తెగని శాంపిల్ మధ్యలో తీసిన మ్యాప్‌తో పోలిస్తే ఎలా కలుస్తుంది? డీఐసీ కొలిచిన డిస్‌ప్లేస్‌మెంట్లే అంచులకి ఇవ్వండి. నానోఇండెంటేషన్ (అతిచిన్న మొనతో గుచ్చి గట్టిదనం కొలవడం) విలువలు నేరుగా మోడల్‌లో పెట్టకండి, గుంట చిన్నదైతే హార్డ్‌నెస్ ఎక్కువ చూపిస్తుంది.

కాకినాడ_రీసెర్చ్: అంచులు అలాగే మారుస్తాను. గురువుగారూ, శాంపిల్ పొరలుగా అరగదీద్దామనుకుంటున్నా. ఎంత అరిగిందో ఎలా తెలుస్తుంది?

రాజమండ్రి_సీనియర్: చూసే చోటుకి నాలుగు వైపులా వికర్స్ గుంటలు (వజ్రపు మొనతో నొక్కే చదరపు గుంటలు) వేయండి. గుంట లోతు దాని డయాగొనల్‌లో దాదాపు ఏడో వంతు. డయాగొనల్ ఏడు మైక్రాన్లు తగ్గితే ఒక మైక్రాన్ అరిగినట్టు.