ఆర్థర్ కిల్ ఒడ్డున పాడుబడిన టగ్‌బోట్లు: ఎక్కి చూడవచ్చా?

ప్రశ్న:

మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాము. మాకు దగ్గరలోనే, న్యూయార్క్ నగరంలోని స్టాటెన్ ఐలాండ్‌ను న్యూజెర్సీ నుంచి వేరుచేసే ఆర్థర్ కిల్ అనే ఇరుకైన జలమార్గంలో, రోస్‌విల్ ఒడ్డున, పాత టగ్‌బోట్లు (పెద్ద ఓడలను, బార్జీలను లాగే పడవలు), ఫెర్రీలు బురదలో ఒరిగి పడి ఉన్నాయని ఫొటోలు చూసి తెలుసుకున్నాను. విశాఖలో తెన్నేటి పార్కు దగ్గర 2020లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ సరకు ఓడను గట్టు మీద నుంచే చూశాను కానీ, ఇక్కడ వీలైతే ఏదైనా ఒక టగ్‌బోటు ఎక్కి ఇంజను గది దాకా వెళ్లాలని ఉంది. అది సాధ్యమేనా? అసలు ఇన్ని నౌకలు ఒకే చోటికి ఎలా చేరాయి?

మొదటి సమాధానం:

రెండో ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. ఒకప్పుడు న్యూయార్క్ రేవులో రైల్వే కంపెనీలకే సొంత టగ్‌బోట్లు ఉండేవి. సరకు రైలు పెట్టెలను పట్టాలు పరచిన బార్జీల (చదునైన సరకు పడవల) మీద నిలిపి, వాటిని టగ్‌లతో నది దాటించేవారు. ఆవిరి ఇంజన్ల స్థానంలో డీజిల్ రావడం, లారీలు పెరగడం, కంటైనర్ల వ్యాపారం నూవార్క్, ఎలిజబెత్ రేవులకు మళ్లడం వల్ల ఆ టగ్‌లకు పని లేకుండా పోయింది. అలాంటి వాటిని కొని విడగొట్టడానికి జాన్ విట్టీ అనే వ్యాపారి రోస్‌విల్‌లో తుక్కు యార్డు పెట్టారు. అయితే వచ్చినంత వేగంగా అక్కడ ఓడలను విడగొట్టలేదు. అందుకే అవి నిలిచి ఉన్నాయి.

వీటిలో రెండింటి గురించి తప్పక తెలుసుకోండి. ఒకటి 1903 నాటి ఏబ్రమ్ హ్యూయిట్ అనే అగ్నిమాపక నౌక. 1904 జూన్ 15న వెయ్యిమందికి పైగా బలిగొన్న జనరల్ స్లోకమ్ అనే ప్రయాణికుల ఓడ అగ్నిప్రమాదానికి సహాయంగా వెళ్లిన నౌకల్లో అదీ ఉంది. రెండోది 1944లో అమెరికా నౌకాదళంలో చేరిన పి.సి. 1264 అనే, జలాంతర్గాములను వేటాడే నౌక. నల్లజాతివారిని వంట, వడ్డన పనులకే పరిమితం చేసిన నౌకాదళంలో, దాదాపు పూర్తిగా వారినే నావికులుగా నియమించి నడిపిన రెండు యుద్ధనౌకల్లో ఇది ఒకటి. అంతటి చరిత్ర ఉన్న నౌక తుక్కు మధ్య కరిగిపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

రెండవ సమాధానం:

నేను ఓడల మరమ్మతు రంగంలో పనిచేశాను. దయచేసి ఎక్కవద్దు. ఆ యార్డు ప్రైవేటు స్థలం కాబట్టి అనుమతి లేకుండా వెళ్లడం చట్టవిరుద్ధం. కానీ నేను అంతకంటే ఎక్కువగా భయపడేది మీరు చూడాలనుకుంటున్న ఇంజను గది గురించే. మూసి ఉన్న ఇనుప గదిలో తుప్పు పట్టే క్రమంలో ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మూతపడిన గదిలోకి నిచ్చెన దిగినవారు ఏ వాసనా తెలియకుండానే స్పృహ తప్పుతారు, కాపాడబోయి వెనకే దిగినవారికీ అదే గతి పడుతుంది. నడుస్తున్న ఓడల్లో సైతం గాలిని పరికరంతో పరీక్షించకుండా అలాంటి గదుల్లోకి దిగనివ్వరు. ఇక డెక్ విషయానికి వస్తే, పైన రంగు నిలిచి ఉన్న చోట కూడా కింద రేకు కాగితంలా పలచబడి ఉండవచ్చు. పాత ఆవిరి గొట్టాలకు చుట్టిన, ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కయాక్‌లో (తెడ్డుతో నడిపే సన్నని పడవలో) వెళ్లాలనుకున్నా, ఆ మార్గంలో పెద్ద ట్యాంకర్లు తిరుగుతాయని, సముద్రపు పాటు సమయంలో నీరు వెనక్కి తీసి బురదలో చిక్కుకుపోవచ్చని గుర్తుంచుకోండి.

మూడవ సమాధానం:

దగ్గరి నుంచి చూడాలన్న కోరిక న్యాయంగా తీరాలంటే మేరీలాండ్‌లోని మాలోస్ బేకు వెళ్లండి. మీకు కారులో నాలుగు గంటల పైన పడుతుంది. 1917లో మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన అమెరికా, ఉక్కు కొరత వల్ల హడావుడిగా చెక్క ఆవిరి ఓడలు కట్టించింది. అయితే వాటిలో చాలా భాగం పూర్తయ్యేసరికి యుద్ధమే ముగిసింది. తుక్కు కంపెనీ వాటిని కొని, ఇనుము తీసుకోవడానికి 1925లో అక్కడే ఎన్నింటినో తగలబెట్టింది. మిగిలిన అడుగుభాగాల్లో మట్టి చేరి, ఇప్పుడు చెట్లు పెరిగి, ఒక్కో ఓడ ఒక్కో చిన్న లంకలా కనిపిస్తుంది. వందకు పైగా శిథిలాలున్న ఆ ప్రాంతాన్ని 2019లో జాతీయ సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. పడవ దింపుకోవడానికి ప్రజలందరికీ రేవు ఉంది. అక్కడి నుంచి ఏ వస్తువునూ తీసుకురాకూడదు. గాలి నింపే పడవ మాత్రం వద్దు. నీటి కింద పొడుచుకొని ఉన్న ఇనుప మేకులకు అది చిరుగుతుంది.